గన్నేరు కొమ్మలు కోసిన రోజు

నా చిన్నప్పుడు మేం సౌదీలోని అల్ ఖర్జ్‌లో, బాపుకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ తోటలో ఉండేవాళ్లం. మా బాపు ఆ తోటకు సూపర్‌వైజరు. పేరు గొప్పే గానీ, మోటరు చెడినా గొట్టం పగిలినా పరుగెత్తాల్సింది ఆయనే. ప్రహరీ పొడవునా గన్నేరు పొదలు ఉండేవి. మిగతా మొక్కలన్నీ ఆ ఎండకు కళ్లు తేలేస్తే, గన్నేరు మాత్రం గులాబీ రంగు పూలతో పెళ్లికి తయారైనట్టు నిలబడేది. ఇప్పుడా పూలు కనిపిస్తే మొహం తిప్పుకుంటాను.

వాటిని చూసుకునేది మా చిన్నాయన. సొంత చిన్నాయన కాదు, జగిత్యాల వైపు మనిషి. వేరే చిన్న కంపెనీ తరఫున మా తోటలో పనిచేసేవాడు. రోజూ చిలకరిస్తే వేర్లు పైపైనే తిరుగుతాయని, మడి బాగా ఎండాక నిండుగా పారించేవాడు. పూత అయిపోగానే ముదురు కాడలను మొదలంటా కోసేవాడు. గన్నేరు ఆకు నుంచి కాడ దాకా అంతా విషమే. అందుకే చేతులకు తొడుగులు వేసుకుని, కోసిన కొమ్మలను అప్పటికప్పుడే సంచుల్లో కుక్కి మూతి కట్టేసేవాడు. పొగ కూడా మంచిది కాదని కాల్చనిచ్చేవాడు కాదు. నన్నయితే ఆ దరిదాపులకే రానిచ్చేవాడు కాదు.

ఆ ఏడాది ఆయన కంపెనీ ఎరుపులో పడింది. సౌదీవాళ్లను తగినంతమందిని పెట్టుకోని కంపెనీలను ఆ రంగులో వేసేవారు. ఇక అక్కడ పనిచేసేవాళ్లకు ఆ దేశంలో ఉండనిచ్చే అకామాలు రెన్యూ కావు. చిన్నాయనను పూర్తిగా ఇంటికి పంపించేయడానికి ఫైనల్ ఎగ్జిట్ రాశారు. మా బతుకూ అంతంతమాత్రమే. అమ్మకూ నాకూ నెలకింతని సర్కారుకు లెవీ కట్టాల్సి వచ్చాక, బాపు కొలువు ఒక్కటే మమ్మల్ని అక్కడ నిలబెట్టింది.

చిన్నాయన కాగితాల పనిమీద ఆఫీసుకు వెళ్లిన రోజు, గన్నేరు బాపే కోశాడు. పని సగంలో ఉండగా బోరు మోటరు ఆగిపోయిందని కబురొచ్చింది. కొమ్మలను గేటు పక్కన కుప్పగా వదిలేసి వెళ్లాడు. సాయంత్రం కాపరి గొర్రెల మందను ఆ దారినే తోలుకొచ్చాడు. మర్నాటికి కఫీల్ ముచ్చటపడి పెంచుకుంటున్న గొర్రెలు, చూలుతో ఉన్నవాటితో సహా, కాళ్లు చాచి పడి ఉన్నాయి.

కఫీల్ అరవలేదు. కోసిందెవరని మాత్రం అడిగాడు. బాపు నోరు తెరిచేలోపే చిన్నాయన ముందుకొచ్చి, తనకొచ్చిన కాస్త అరబీలో, తానేనని చెప్పాడు.

తర్వాత మా గదిలో బాపు తల పట్టుకుని కూర్చుంటే చిన్నాయన ఆయన భుజం మీద చెయ్యేశాడు.

"నేనెట్లయినా పోయేటోణ్నే గదనే అన్నా. నాకేమైతది? నీకు పిల్లున్నది."

అమ్మ ఆయనకు రెండు చేతులెత్తి దండం పెట్టింది. ఇక మేం ఇక్కడే ఉంటామని నాకు సంతోషమేసింది.

గొర్రెల సంగతి తేలేదాకా కఫీల్ చిన్నాయన ఎగ్జిట్ ఆపించాడు. పోలీసులు వచ్చి తీసుకెళ్లారు. కంపెనీ అయితే ఆయనెవరో తెలియనట్టు ఊరుకుంది. బాపు నిజం చెప్పేద్దామని చాలాసార్లు బయల్దేరి, నన్ను చూసి ఆగిపోయాడు. చివరికి మనవాళ్లందరితో తలా కొంత వేయించి, గొర్రెల ఖరీదు కట్టి విడిపించేసరికి చలికాలం వచ్చి పోయింది.

ఆ తర్వాతి సెలవుల్లో బాపు నన్ను వాళ్ల ఊరు తీసుకెళ్లాడు. మా అలికిడికి చిన్నాయన మెడ మొత్తం తిప్పి చూశాడు. ఆయన ఎడమ కన్ను పోయింది. అక్కడున్నప్పుడే చూపు మసకబారుతుంటే, ఎగ్జిట్ రాగానే ఇంటికొచ్చి చూపించుకుందామనుకున్నాడట. అకామా గడువు తీరిందని అక్కడి ఆసుపత్రిలో చూడలేదట. మాకు ఆ సంగతే చెప్పలేదు. కొన్ని నెలల ముందు వచ్చి ఉంటే కన్ను నిలిచేదని డాక్టరు అన్నాడని ఆయన భార్య చెప్పింది. మమ్మల్ని ఒక్క మాట అనలేదు, చాయ్ పోసి ఇచ్చింది.

"ఒక్కటున్నది గద బిడ్డా, ఎల్లుతది," అని చిన్నాయన నవ్వాడు.

బాపు అక్కడే నేలమీద కూలబడి ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను చూసింది అదే మొదలు.

ఇప్పటికీ నా కోసం ఎవరైనా ఏ భారమైనా నెత్తికెత్తుకుని, తమకేమీ పోదంటే, నేను చప్పున సరేననలేను. కూర్చోబెట్టి, ఏం పోతుందో ఉన్నదున్నట్టు చెప్పమంటాను. మావాళ్లు దాన్ని నా చాదస్తమంటారు. ఆ రోజు ఆ గదిలో చిన్నాయనను ఆ మాట అడగడానికి మేం ముగ్గురం ఉన్నాం. ఒక్కరమూ అడగలేదు. ఆయన చెప్పింది నిజమై ఉండటం మాకు అంత అవసరమైంది.