తప్పు ఎక్కడుందో చెప్పించిన మేడం

మేడం పోయారన్న కబురు పోయిన ఆదివారం పొద్దున వచ్చింది. ఫోన్ చేసింది తమ్ముడు. నా తోడబుట్టినవాడు కాదు. ఆమె దగ్గర నాతోపాటు చదువుకున్నాడు, అప్పటినుంచి అలాగే పిలుస్తాను. "అక్కా, మేడం లేరు. తెల్లారంగ పోయిన్రట" అన్నాడు. ఫోన్ పెట్టేసే ముందు వాడే అన్నాడు: "మేడం గురించి పేపర్ల ఎవ్వరు రాయరక్కా. నువ్వన్న రాయి."

అందుకే రాస్తున్నాను. దుఃఖం ఉంది, కాదనను. కానీ ఆమెను తలుచుకుంటే నాకు ముందు కలిగేది గర్వం.

అశోక్‌నగర్‌లో ఏ సందు చూసినా పోటీ పరీక్షల కోచింగ్ బోర్డులే. ఆమె వాటాకు మాత్రం బోర్డు లేదు. మొదటి అంతస్తులో కిరాయికి రెండు గదులు, ముందు గదిలో గోడ వెంబడి పాత కంప్యూటర్లు. 2010లో నేను చిక్కడపల్లిలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పనిచేస్తూ, సాయంత్రాలు ప్రోగ్రామింగ్ నేర్చుకుందామని వెళ్లాను. తలుపు తీసినామె నా భుజం మీదుగా ఎటో చూస్తూ, "చెప్పులు గోడకానించి ఇడువమ్మా. అడ్డం ఇడిస్తే నేనే తట్టుకొని పడ్త" అన్నారు. ఆమెకు చూపు లేదని అప్పుడు తెలిసింది.

ఒకప్పుడు ఆమె బ్యాంకులో కంప్యూటర్ విభాగంలో ప్రోగ్రాములు రాసేవారు. నలభై దాటాక షుగర్ ఆమె కళ్లను తీసుకుంది. ఉద్యోగం వదిలి, తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ సాయంతో తన పని తానే మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నారు. ఆ తర్వాత పాఠాలు మొదలుపెట్టారు. చూపున్నవాళ్లకూ లేనివాళ్లకూ ఒకటే క్లాసు. ఎవరికీ మినహాయింపు లేదు, తిట్లలో కూడా.

ఆమె నేర్పింది ఓపెన్ సోర్స్ ప్రోగ్రామింగ్ భాష. అంటే ఏ కంపెనీ సొత్తూ కాదు. ఎవరైనా నెట్‌లోంచి దించుకుని వాడుకోవచ్చు, లోపలి కోడ్ చదవచ్చు, బాగాలేనిచోట మార్పు రాసి పంపవచ్చు. నచ్చితే ఆ భాషను నడిపేవాళ్లు వచ్చే విడుదలలో, అంటే భాష కొత్త వెర్షన్‌లో, కలుపుకుంటారు. "మనది కూడ అన్నట్టే కదా. మనదైనప్పుడు అడిగే హక్కుంటది" అనేవారు మేడం. మేమంతా తలూపేవాళ్లం. నిజంగా అడుగుతారని ఎవరం అనుకోలేదు.

క్లాసు చివరి అరగంట మానిటర్లన్నీ ఆర్పేయించేవారు. చూపున్నవాళ్లం కూడా చెవులతోనే ప్రోగ్రాం రాయాలి. ఎవరైనా దొంగతనంగా వెలిగించుకున్నారేమోనని వరుసలో నడుస్తూ ఒక్కో తెరనూ వేళ్లతో తాకేవారు. పాత తెర వెలుగుతుంటే వేళ్లకు చిటపటమంటుంది. దొరికినవాళ్లకు ఆ రోజు చాయ్ పెట్టే పని.

మొదటిసారి అలా రాసినప్పుడు నా ప్రోగ్రాంలో తప్పు వచ్చింది. హెడ్‌ఫోన్లో మెషిన్ గొంతు, ఏడో వరుసలో తప్పుంది అని చెప్పి, ఆ వరుస మొత్తం చదివి, చివర "క్యారెట్" అని ఊరుకుంది.

"మేడం, ఇదేంది? కూరగాయ పేరు చెప్తుంది" అన్నాను.

"చిక్కడపల్లి మార్కెట్ల దొరుకుతది, తెచ్చుకో" అన్నారు. గదంతా నవ్వింది. తర్వాత నా పక్కన కూర్చుని విడమరిచారు. తప్పున్న వరుస కింద ఆ భాష ఒక చిన్న బాణం గుర్తు వేస్తుంది. దాని ఇంగ్లీషు పేరు అది. తెర చూసేవాళ్లకు ఆ బాణం ఏ అక్షరం కింద ఉందో ఒక్క చూపులో తెలుస్తుంది. చెవితో వినేవాళ్లకు బాణం ఉందని తెలుస్తుంది, ఎక్కడుందో తెలియదు. పొడుగాటి వరుసలో నాలుగైదు బ్రాకెట్లుంటే, ఏది మూయడం మర్చిపోయామో ఒక్కో అక్షరం తడుముకుంటూ పోవాల్సిందే.

"మరి మీరెట్ల చేస్తరు?"

"తడుముకుంట. ఏం చేస్తం?"

తమ్ముడు పుట్టినప్పటినుంచే చూపు లేనివాడు. అమ్మానాన్నలు మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి దోమలగూడ బస్తీలో ఉంటూ, కట్టే బిల్డింగుల దగ్గర కూలికి పోయేవాళ్లు. వాడు డిగ్రీ పూర్తిచేసి మేడం దగ్గరకు వచ్చాడు. క్లాసులో అందరికంటే చురుకు. మరుసటేడు ఒక కంపెనీ వాళ్లు ఉద్యోగ పరీక్షకు పిలిచారు. తప్పులున్న ప్రోగ్రాం ఇచ్చి, గంటలో సరిచేయమన్నారు. ఆ సాయంత్రం వాడు క్లాసుకొచ్చి బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"వరుస దొరికింది మేడం. వరుసల ఏడ అనేది దొరకలే. బాణం ఏ అక్షరం కింద ఉందో జర చెప్పున్రి అని పరీక్ష పెట్టే సార్‌ను అడిగిన. చెప్తే సాయం చేసినట్టయితది అన్నడు. టైమైపోయింది."

మేడం ఓదార్చలేదు. తనలో తాను అనుకుంటున్నట్టు అన్నారు: "తప్పు ఉందంటది, ఏడ ఉందో చెప్పది. గట్ల చెప్తే అది తిట్టుడే అయితది, సాయం ఎట్లయితది?" వెంటనే కుర్చీ లాక్కుని, ఆ భాషను నడిపేవాళ్లందరూ మాట్లాడుకునే మెయిలింగ్ లిస్టుకు ఉత్తరం టైపు చేయడం మొదలుపెట్టారు. ఇంతకాలం తడుముకుంటూ సర్దుకుపోయిన మనిషి, తన విద్యార్థి ఓడిపోతే మాత్రం సర్దుకోలేకపోయారు.

ఆమె కోరింది చిన్న విషయం. బాణం ఉండనివ్వండి, దాంతోపాటు ఎన్నో అక్షరమో అంకెలో చెప్పండి. ఆ అంకె లెక్కపెట్టాకే కదా భాష బాణం వేసేది! "దానికి తెలుసు. తెల్సి కూడ మనకు చెప్తలేదు" అని మేడం విసుక్కునేవారు.

మొదటి జవాబు ఎవరో మంచి మనిషి రాశాడు. చూపు లేకుండా ప్రోగ్రాములు రాయడం ఎంత గొప్ప విషయమో అని పొగిడాడు. నేను చదివి సంబరపడితే ఆమె మూతి విరిచారు. "మెచ్చుకునుడు తర్వాత. నేనడిగినదానికి జవాబేది?"

ఇంకొకాయన, ఆ అంకె చెప్పే చిన్న ప్రోగ్రాం రాసుకుని మీ కంప్యూటర్లో పెట్టుకోండి, భాషను మార్చడమెందుకు అన్నాడు. నాకూ అది సబబుగానే తోచింది. మేడం ఒక్క ప్రశ్నతో తిప్పికొట్టారు: పరీక్ష పెట్టేవాళ్ల కంప్యూటర్లో మా ప్రోగ్రాం ఉంటుందా? అక్కడ ఉండేది భాష ఒక్కటే. కాబట్టి అది భాషలోనే ఉండాలి.

మూడోది గట్టి అభ్యంతరం. ఈ తప్పుల సందేశాన్ని మనుషులే కాదు, ఎన్నో వేరే ప్రోగ్రాములు కూడా చదువుతాయి, దాని రూపం మారితే అవన్నీ చెడిపోతాయి అని రాశారు. ఆమెకు కోపం వస్తుందనుకున్నాను. ముఖం వెలిగిపోయింది. "గిది అసలు మాట! దీనికి మనం జవాబు తేవాలె."

ఆ జవాబు కోసం నెలలు పట్టింది. ఆడిటర్ గారి ఆఫీసు నుంచి నేరుగా వచ్చేదాన్ని. బంద్‌లప్పుడు ఆఫీసూ బస్సులూ ఉండవు, అడిక్‌మెట్‌లోని మా ఇంటి నుంచి నడిచొచ్చేదాన్ని. మార్పు ఆమె రాశారు, దాన్ని పరీక్షించే ప్రోగ్రాములు నేనూ తమ్ముడూ రాశాం. సందేశంలోని పాత మాటలు వేటినీ ముట్టుకోకుండా, దాని మొదటి వరుస చివర మాత్రమే అంకె చేర్చే దారి ఆమెకు తట్టింది. పంపితే తిరిగొచ్చింది. ఇంగ్లీషు కాని అక్షరాలు వస్తే ఎలా లెక్కపెడతారని అడిగారు. మేడం చప్పట్లు కొట్టి నవ్వారు. "ఇగో, ఇప్పుడు మన ఇంటికొచ్చిండ్రు!" వత్తులూ గుణింతాలూ ఉన్న తెలుగు మాటలతో మా ప్రోగ్రాములు నింపి పంపాం. మళ్లీ తిరిగొచ్చింది. మళ్లీ పంపాం. నేను నీరసపడితే ఆమె అనేవారు: "వాపసు పంపుతున్నరంటే సదువుతున్నరన్నట్టు. పరేషాన్ గాకు."

ఒక రోజు తిరిగి రాలేదు. కలుపుకున్నామని రెండు ముక్కల జవాబు వచ్చింది.

కొత్త విడుదల 2012లో వచ్చింది. ఆ సాయంత్రం గదిలో కుర్చీలు చాలక పాత విద్యార్థులు గుమ్మంలో నిలబడ్డారు. అందులో ఏమేం మారాయో చెప్పే పేజీని మేడం స్పీకర్లో పెట్టి చదివించారు. వేగం పెరగడం, కొన్ని పాత పద్ధతులు తీసేయడం, కొత్త సదుపాయాలు చేరడం వంటి పెద్ద పెద్ద మార్పులు గడిచాక, చివరికి దగ్గరగా ఒకే ఒక్క వాక్యం వచ్చింది: తప్పుల సందేశాల్లో ఇక అక్షరం స్థానం కూడా ఉంటుందని. పక్కనే ఆమె పేరు. మెషిన్ ఆ పేరును ఎంత వంకరగా పలికిందంటే, ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎవరం నవ్వు ఆపుకోలేకపోయాం. "పేరు ఎట్లనన్న పిల్వనీ. అంకె సక్కగ పలుకుతదా లేదా చూడున్రి" అని మేడం గదమాయించారు.

తమ్ముడు కూర్చుని, కావాలనే ఒక బ్రాకెట్ మూయకుండా పొడుగాటి వరుస రాశాడు. మెషిన్ వరుస సంఖ్య చెప్పింది, ఆ వెంటనే అక్షరం సంఖ్య చెప్పింది. వాడి వేలు కీబోర్డు మీది బాణం మీట మీద టకటకలాడి సరిగ్గా ఆ చోట ఆగింది. బ్రాకెట్ పెట్టాడు. ప్రోగ్రాం నడిచింది.

"ఎవ్వర్నడగలే మేడం" అన్నాడు. అంతే అన్నాడు. మేడం అటు తిరిగి అందరికీ చాయ్ పెట్టమన్నారు.

తర్వాత రెండు మూడు నెలలకు ఇంకో కంపెనీ పరీక్షలో వాడు గెలిచాడు. ఇప్పుడు మాదాపూర్‌లో ఉద్యోగం, అమ్మానాన్నలు కూలి మానేశారు. నేనూ ఆడిటర్ ఆఫీసు వదిలి ప్రోగ్రాములు రాసే పనిలోకి మారాను. ప్రపంచంలో ఎక్కడెక్కడో, ఆమె ఎవరో తెలియనివాళ్లు, చూపున్నవాళ్లు కూడా, ఆ అంకె చూసుకుని తమ తప్పు దిద్దుకుంటున్నారు. నాకు తెలిసి ఇంతకంటే మంచి పేరు ఉండదు.

షుగర్ కళ్లతో ఆగలేదు, కిడ్నీల దాకా పోయింది. చివరి ఏడాది వారంలో కొన్ని రోజులు డయాలసిస్‌కు వెళ్లేవారు. నేను ఆఖరుసారి చూసింది ఆస్పత్రిలోనే. నారాయణగూడలో బత్తాయిలు కొనుక్కుని, ఆమె అవి తినకూడదని గుర్తొచ్చి, చేతిలో సంచీతో వార్డు గుమ్మంలో నిలబడిపోయాను. ఎడమ చేతికి సూదులు, రక్తం పోయే గొట్టాలు. ఆ చెయ్యి కదపకూడదు. ఒళ్లో చిన్న ల్యాప్‌టాప్. ఆ భాషకు వచ్చే మార్పులను చదివి చూసేవాళ్లలో అప్పటికి ఆమె కూడా ఒకరు. వచ్చే విడుదల కోసం కొత్తగా ఎవరో పంపిన మార్పును కుడిచేత్తో ఒక్కో అక్షరం కొట్టుకుంటూ పరిశీలిస్తున్నారు. ఒక చెవిలో ఇయర్‌ఫోన్, రెండో చెవి ఖాళీగా.

"మేడం, నేను" అన్నాను.

"తెల్సు, అడుగు ఇనబడ్డది" అన్నారు. కుడిచెయ్యి ఒక్క క్షణం పైకెత్తి నన్ను ఆపారు. "జర ఆగమ్మా. ఈమె ఎవరో కొత్త పిల్ల, మస్తు మంచిగ రాసింది. గా ముక్క ఆమెకు చెప్పి వస్త."

చెయ్యి మళ్లీ మీటల మీదికి దిగింది.