మాక్రో విప్పి రాయమన్న సారు

మా సారు పోయారని ఫోను వచ్చేసరికి నేను ఆయన ఇంటికే బయల్దేరి ఉన్నాను. బహదూర్‌పల్లి వెళ్ళే షేర్ ఆటోలో, ఒళ్లో మొరాయిస్తున్న మా కంపెనీ స్టార్టర్ బోర్డు ఉన్న సంచి పెట్టుకుని. "పొద్దుగాల రా, ఇద్దరం కూసోని సూద్దాం" అని ముందురోజు ఆయనే అన్నారు. తెల్లారేలోగా గుండె ఆగిపోయిందట. అంత ఏడుపులోనూ మనసు బోర్డు మీదికే పోతుంటే నా మీద నాకే చిరాకేసింది.

దుండిగల్ దగ్గరి కాలేజీలో ఆయన మాకు చిప్పుకు నేరుగా ఆదేశాలిచ్చే అసెంబ్లీ భాష చెప్పారు. కుర్చీలో కూర్చోగా నేను చూడలేదు. బల్లల మధ్య తిరుగుతూనే ఉండేవారు, ఎవరి ప్రోగ్రాం ఆగిపోతే అక్కడే నేల మీద సుద్దతో రాసేవారు. ప్రోగ్రాంలో ఒక పనికి విడిగా రాసుకున్న ముక్క ప్రొసీజర్. అందులోకి రాగానే అప్పటిదాకా వాడుకలో ఉన్న విలువలను స్టాక్ అనే దొంతరలో ఒకదానిపై ఒకటి పేర్చాలి. పని అయ్యాక పైనుంచి తీసి ఎక్కడివక్కడ పెట్టి, అడుగున దాచిన చిరునామా చూసి పిలిచిన చోటికి వెనక్కి వెళ్ళాలి. పేర్చే వరుసలను ఒక పేరు కింద, తీసే వరుసలను ఇంకో పేరు కింద కట్టిపెట్టేదే మాక్రో. పేరు రాస్తే చాలు, వరుసలన్నీ వచ్చి పడతాయి. మాకది హాయి. ఆయనకు ఆ హాయి గిట్టదు.

"పేరు సూసి మురుస్తున్నవ్. లోపల ఏమున్నదో ఇప్పి రాయి" అనేవారు. రాసిస్తే నా చేతి వైపు చూపించి, "గాజులు ఏసుకున్న వరుసల్నె తీస్తవా? ఆఖర్కి ఏసింది ముందుగాల రావాలె" అనేవారు. ఉన్నమాట చెప్పాలంటే, విసుగొచ్చేది. అయినా ఉద్యోగంలో చేరాక చిక్కుపడ్డ ప్రతిసారీ ఆయన దగ్గరికే పరిగెత్తేదాన్ని.

మేడ్చల్‌లో మేం బోరు మోటార్లకు స్టార్టర్ బోర్డులు చేస్తాం. బోరులో నీళ్లు అయిపోతే మోటారును ఆపడం వాటి పని. ఈ ఎండాకాలం శామీర్‌పేట వైపు సరిగ్గా నీళ్లు అయిపోయినప్పుడే బోర్డులు బిగుసుకుపోయాయి. మోటార్లు ఒట్టిగా తిరిగి కాలిపోయాయి. ఒక రైతు కాలిన మోటారు తెచ్చి మా గేటు ముందు దించి, "మడి ఎండుతాంది. నీళ్లు లేనప్పుడు ఆపెటందుకే గదా గీ డబ్బ?" అన్నాడు. అరిచినా బాగుండేది.

అంత్యక్రియల మర్నాడు ఆఫీసులో కాలు నిలవలేదు. ఇంకెవరిని అడగను? సారు మీద కోపం కూడా వచ్చింది, ఒక్కరోజు ఆగలేకపోయారా అని. చివరికి మాక్రోలన్నీ కాగితం మీద విప్పి రాయడం మొదలుపెట్టాను. నీళ్లు లేవని తెలియగానే మధ్యలోంచే బయటపడే దారి ఒకటి ఈ ఏడు మా జట్టు తొందరలో చేర్చింది. ఆ దారిలో విలువలు తీసే మాక్రో లేదు. అవి స్టాక్‌లోనే ఉండిపోయి, వాటి కింద దాచిన తిరుగు చిరునామా అందక ప్రోగ్రాం ఎటో పోతోంది. "ముంగటి దర్వాజల నుంచి పోయినా, ఎనక దర్వాజల నుంచి పోయినా, సదిరి పోవాలె" అని ఆయన చెప్పి చెప్పి అలసిన మాట. ఆ ఒక్క పేరు చేర్చి, ఆఫీసులో పరీక్షకు పెట్టుకున్న నీళ్ల తొట్టి ఖాళీ చేసి చూస్తే మోటారు ఆగింది.

చేయి ఆయన నంబరు నొక్కేసింది. సారు భార్య ఎత్తారు. "తప్పైంది అమ్మా, అలవాటులో నొక్కేశాను" అన్నాను.

"దొరికిందా బిడ్డా?" అన్నారావిడ. "పండుకునేదాక గదే అడిగిండు, పోరి ఫోన్ జేసిందా అని. ఎట్ల దొరికిందో జెప్పు."

చెప్పాను. పేర్చిన విలువలు, మరిచిపోయిన దారి, ఒక్కో వరుసా. ఆవిడకు ఇందులో ఒక్క ముక్క తెలియదు. ప్రతి వరుసకూ "ఊఁ" అంటూ, నేను ఆగిన చోటల్లా "ఇగ మల్ల?" అని అడుగుతూ చివరిదాకా విన్నారు.