అరకులో ఒక ఉప్పునీటి తొట్టె

అరకు మిషన్ స్కూల్లో సైన్సు చెప్పిన మాస్టారు పోయారని మొన్న ఆదివారం ఫోను వచ్చింది. అప్పుడే సాలూరు చర్చిలో ప్రార్థన ముగించుకుని బయటికి వస్తున్నాను. నిద్రలోనే వెళ్ళిపోయారట. ఆ తర్వాత ఇంటికి ఎలా నడిచి వచ్చానో గుర్తు లేదు.

తొంభైల చివర్లో నేను గూడెం కొత్తవీధి నుంచి వచ్చి ఆ స్కూల్లో టీచరుగా చేరినప్పుడు మాస్టారి పక్క క్వార్టర్ ఇచ్చారు. మాస్టారిదీ, ఆయన భార్యదీ భీమిలి వైపు. ఆమెను నేను అక్కా అని పిలిచేదాన్ని. గుండెజబ్బు వల్ల డాక్టర్లు ఆమెకు ప్రయాణాలు వద్దన్నారు. సముద్రం మీద బెంగతో ఆమె తిండి తగ్గించేస్తే, మాస్టారు ముందుగదిలో అద్దాల తొట్టె పెట్టించారు. విశాఖ నుంచి ఆయన తమ్ముడు రైల్లో క్యాన్లతో సముద్రపు నీళ్ళు పంపేవాడు.

అందులోకి మొదట వచ్చింది వేలెడంత నీలిచేప. వాళ్ళకి పిల్లలు లేరు. ముక్కు మీద కోపం ఉందని అక్క దాన్ని ‘అల్లుడు’ అనేది. దానికి తోడుగా నారింజరంగు మీద తెల్లచారలున్న చేపను తెచ్చి వదిలితే, అల్లుడు తరిమి తరిమి కొరికాడు. మర్నాటికి ఆ చేప రెక్కలు చిరిగిపోయి, వెల్లకిలా తేలింది.

“ఈడొక్కణ్ణే ఉంచీండి. తోడు లేపోతే ఏటయిపోతాది?” అంది అక్క, కళ్ళు తుడుచుకుంటూ.

“కోపం కాదే ఆడిది. భయం. ముందొచ్చినోడు కదా, తన సోటు పోతాదని భయం,” అన్నారు మాస్టారు.

ఈసారి రెండో చారలచేపను తెప్పించి, ముందుగా అల్లుణ్ణి వలతో పట్టి బకెట్లోకి మార్చారు. తొట్టెలో రాళ్ళన్నీ కదిపి, కొత్తగా గుహల్లా పేర్చారు. చారలచేప అక్కడ కుదురుకున్నాక, అన్నిటికంటే ఆఖర్న అల్లుణ్ణి వదిలారు. తనది అనుకున్న మూల కనబడక వాడు అద్దం వెంట తిరిగాడు. చారలచేప మీదికి ఒకట్రెండుసార్లు దూకాడు. అది రాళ్ళ సందులోకి దూరిపోయింది. అక్క కుర్చీ లాక్కుని తొట్టె ముందే కూర్చుంది. సాయంత్రం నన్ను కేకేసింది.

“ఒలే గుంటా, బేగి రా! అల్లుడు ఊరుకున్నాడు!”

వెళ్ళి చూస్తే రెండూ చెరో మూలా ఉన్నాయి. ఆ పూట అక్క మాతోపాటు కూర్చుని కడుపునిండా తింది.

తర్వాత హాస్టల్లో ఆడపిల్లలు మంచాల కోసం జుట్లు పట్టుకున్నప్పుడు కూడా మాస్టారు బెత్తం అందుకోలేదు. “కొత్తగా వచ్చిన గుంటలు, బెంగతో ఉన్నారమ్మా,” అని వాళ్ళ దగ్గరే కూర్చున్నారు.

రెండేళ్ళ తర్వాత ఒక చలికాలం అక్క పోయింది. అరకు చలికి తొట్టెలో నీళ్ళు వెచ్చగా ఉండాలంటే కరెంటు హీటర్ కావాలి. ఆ వారమే కరెంటు పోయింది. మాస్టారు ఏమీ పట్టనట్టు కూర్చుని ఉంటే, నేనే నీళ్ళు కాచి సీసాల్లో పోసి తొట్టెలో తేలవేశాను. కాసేపటికి ఆయనే లేచి వచ్చి తొట్టెకు అక్క రగ్గు చుట్టారు. అల్లుడూ చారలచేపా ఒకే సీసాను ఆనుకుని నిలబడ్డాయి. అది చూసి మాస్టారు మొదటిసారి ఏడ్చారు.

కొన్నాళ్ళకు చారలచేప పోయింది. మరొకటి తెప్పించమన్నాను.

“ఒద్దమ్మా. కొత్తోళ్ళతో తగువులాడే ఓపిక ఆడికి లేదు. సర్దే ఓపిక నాకూ లేదు,” అన్నారు.

అల్లుడు కూడా పోయాక తొట్టెను స్కూలుకి ఇచ్చేశారు.

మాస్టారు రిటైరయ్యాక ఒకసారి ఆయన్ని నేనూ మా ఆయనా భీమిలి తీసుకెళ్ళాం. ఒడ్డున చెప్పులు విప్పి, ప్యాంటు మడిచి, మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగారు. “మీ అక్కని ఒక్కసారైనా తీసుకురాలేపోనాను,” అన్నారు సముద్రం వైపే చూస్తూ. నేనూ దిగబోతే చెయ్యెత్తి ఆపారు.

“కదలకమ్మా. ఉన్నాయి.”

ఆయన కాళ్ళ చుట్టూ సన్నటి చేపపిల్లలు మూగుతున్నాయి. ఆయన ఊపిరి బిగబట్టి అలాగే నిలబడ్డారు. వెనక కెరటం వచ్చి, విప్పిన చెప్పుల్లో ఒకదాన్ని మెల్లగా లాక్కుపోతోంది. చెబుదామని నోరు తెరిచాను. చెప్పలేదు.