శిక్షపడిన పాచిక

సెడ్రిక్ వార్డల్‌తో గొడవపడని మనిషి ఇంగ్లండులోని చెస్టర్‌ఫీల్డ్‌లో ఉన్నాడంటే, వాడింకా సెడ్రిక్ కంట పడలేదన్నమాటే. కార్ఖానాలో ముప్ఫయ్యేళ్లు ఇనుప గొట్టాలు కొలిచాడు. వెంట్రుకవాసి తేడా కనిపిస్తే పక్కన పారేయడమే ఆయన ఉద్యోగం. శనివారం మధ్యాహ్నం చర్చి హాల్లో, బల్ల మీద బొమ్మ సైన్యాలతో యుద్ధాల ఆట ఆడే క్లబ్బులోనూ అదే తీరు. వేలెడంత సీసపు సైనికుడి డాలు మీద రంగు తప్పితే చాలు, "ఏ పుస్తకంలో ఉందిది? చూపించు!" అని మీద పడేవాడు. అబ్బ, ఏం నోరయ్యా అది! వెయ్యేళ్ల కిందటి ఇంగ్లండు యోధులైన సాక్సన్లది ఆయన సైన్యం, నాలుగు వందల మంది. ప్రతివాడికీ బెల్టు బిళ్లతో సహా తన చేత్తోనే రంగులు దిద్దాడు. భార్య పోయాక ఆయనకు మిగిలిన సంసారం అదొక్కటే.

1978లో ఒక శనివారం పోస్ట్‌మన్ లెస్లీ ఆ సైన్యానికి ఎదురుగా ఒక డ్రాగన్‌ని, గడ్డం మంత్రగాణ్ణి తెచ్చి నిలబెట్టాడు.

"తియ్యి ఆ బల్లిని," అన్నాడు సెడ్రిక్.

"ఏం, కరుస్తుందా? కాస్త సరదాగా ఉంటుందయ్యా."

"సరదా కావాలంటే సర్కస్‌కి పో. ఇది చరిత్ర. మీరు మంత్రాలు ఒప్పుకున్నారో, నేనూ నా సైన్యమూ మళ్లీ ఈ గడప తొక్కం."

"పో, ఎవడు కాళ్లు పట్టుకుంటున్నాడు?"

ఓటు పెట్టారు. అటు అయిదు, ఇటు అయిదు. అలా సరిసమానమైతే వద్దన్నవాడే పాచిక వెయ్యాలని క్లబ్బు ఆనవాయితీ. నాలుగు గానీ ఆపైన గానీ పడితే ఆయన మాటే చెల్లుతుంది. లెస్లీ చెయ్యి చాపి, సెడ్రిక్ ముందున్న పొగాకు డబ్బా మూత తీశాడు. లోపల ఒకే ఒక ఎర్ర పాచిక ఉంది.

"ఇదిగో, వెయ్యి."

సెడ్రిక్ మొహం పాలిపోయింది. మూడేళ్ల కిందట ఒక ఆటలో అది వరసగా మూడుసార్లు ఒకటి పడి ఆయన సైన్యపు రాజుని చంపించింది. ఆ రోజునుంచీ దానికి ఆ డబ్బాలో ఖైదు.

"దాంతో వెయ్యను."

"ఏం? పాచికేగా!"

"దానికి శాపం తగిలిందిరా, ముట్టుకోకు!" అని అరిచేశాడు.

లెస్లీ తాపీగా చేతులు కట్టుకున్నాడు.

"ఏ పుస్తకంలో ఉందిది? చూపించు!"

ఒక్కసారిగా అందరూ గొల్లుమన్నారు. ఇరవయ్యేళ్లుగా ఆయన చేత తిట్లు తిన్నవాళ్లు, కడుపులో కసంతా తీరేలా నవ్వారు. మళ్లీ చేతులెత్తమంటే, టీ కాచే హ్యూబర్ట్ కూడా డ్రాగన్ వైపే ఎత్తాడు. సెడ్రిక్‌కి ఉన్న ఒక్క స్నేహితుడూ వాడే.

"నువ్వూనా, హ్యూబర్ట్?"

"నా గుర్రాల తోకల రంగు తప్పని తొమ్మిదిసార్లు కడిగించావు సెడ్రిక్," అన్నాడు హ్యూబర్ట్, తల తిప్పుకుని.

సెడ్రిక్ నాలుగు వందల మందినీ పెట్టెల్లో సర్దాడు. సాయానికి ఒక్కడూ లేవలేదు. తన దగ్గరుండే హాలు తాళంచెవి బల్ల మీద గిరాటేసి, పొగాకు డబ్బా లాక్కుని బయటికి నడిచాడు.

బస్ స్టాపులో చెత్తబుట్ట పక్కన నిలబడి డబ్బా తెరిచాడు. "నీ మూలాన్నేరా నా బతుకు బజారున పడింది," అని ఆ ఎర్ర పాచికను బూతులు తిట్టి, పారేయడానికి చెయ్యెత్తాడు. పారేస్తే అదింకేం చేస్తుందోనని ఎత్తిన చెయ్యి దించేశాడు. మెల్లగా మళ్లీ డబ్బాలోనే పెట్టి, మూత గట్టిగా బిగించాడు.