దారంతో కట్టిన రెండు సుద్దముక్కలు

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో నేను మహబూబాబాద్‌లో ఒక కాలేజీలో జువాలజీ చెప్పేవాణ్ణి. మాది కోస్తా. నోరు తెరిస్తే ఆ సంగతి తెలిసిపోతుందని బయట మాట్లాడటమే మానేశాను.

సమ్మెకు ముందు చివరి క్లాసు కణ విభజన. రెండు సుద్దముక్కల్ని ఒకదానికొకటి అడ్డంగా ఆనించి దారంతో కట్టాను.

"ఇవి సెంట్రియోల్స్, కణం రెండుగా చీలడానికి తోడ్పడే జంట. ఈ దారమే వాటిని పట్టి ఉంచే ప్రొటీన్లు. విభజన పూర్తయ్యేదాకా జంటను విడిపోనివ్వవు. ముందే తెగితే, రెండు కావాల్సిన కణం మూడు ముక్కలైనా అవుతుంది" అన్నాను.

మర్నాటి నుంచి క్లాసుల్లేవు. ఊరంతా రోడ్డు మీదే వండుకుని తింటోంది, పాడుతోంది. నేనొక్కణ్ణే ల్యాబులో కూర్చునేవాణ్ణి, ఎవరి మీదో తెలియని కోపంతో. ఒకరోజు తండా నుంచి వచ్చే మా విద్యార్థిని తలుపు దగ్గర నిలబడింది.

"సార్, రోడ్డు మీద రాయాలె. సుద్దముక్కలు ఇయ్యిండ్రి."

డబ్బా మొత్తం ఆమె ముందుకు తోశాను. కట్టిన జంటను కూడా ఇవ్వబోతే వద్దంది.

"గవి ఉండనియ్యిండ్రి సార్. మీరు ఒక్కరే ఉన్నరు గద."

ఆమె వెళ్లాక దారం విప్పబోయి ఆగాను. ఖాళీ బెంచీల వైపు తిరిగి, "విభజన ఇంకా పూర్తి కాలేదు" అన్నాను. మా ఊరి యాసలోనే, గట్టిగా.