ఖాళీగా ఉండకూడని కుర్చీ

2011లో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్నప్పుడు నేను ఎల్బీ నగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుని. బస్సులు ఆగిపోవడంతో పేషెంట్లు బాగా తగ్గారు. ఇద్దరు మాత్రం రోజూ కనిపించేవారు. ఒకరు యాదగిరి, నల్లగొండ వైపు నుంచి వచ్చి స్థిరపడిన ఆర్టీసీ డ్రైవరు. భుజం పట్టేసి చెయ్యి పైకి లేచేది కాదు. పొద్దున్నే మా దగ్గర చికిత్స చేయించుకుని సమ్మె శిబిరానికి వెళ్లేవాడు. రెండోవారు అప్పలనాయుడు గారు. ఫిజీ దీవుల నుంచి మోకాలి మార్పిడికి వచ్చి ఆసుపత్రిలోనే ఉంటున్న పెద్దాయన. వాళ్ల తాత విజయనగరం నుంచి చెరకు తోటల పనికి ఓడెక్కి వెళ్లాడట. నాయనమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగునే ఆయన ఇంకా మాట్లాడుతున్నారు.

ఆపరేషన్ బాగానే జరిగింది, మోకాలే వంగడం లేదు. ఎంత వంగుతుందన్న కొలతను మేము ఫ్లెక్షన్ అంటాం. కుర్చీలో మామూలుగా కూర్చోవాలంటే తొంభై డిగ్రీలన్నా కావాలి. ఆయనది అంతకు చాలా ముందే ఆగిపోతోంది. ఇంకో వారంలో మార్పు రాకపోతే ఎంయూఏ చేస్తామన్నారు సర్జన్. అంటే మత్తిచ్చి కాలిని బలవంతంగా వంచడం. అది చేస్తే ప్రయాణం వాయిదా పడుతుంది.

"వాయిదా వేసుకోలేరా సార్?" అని అడిగాను.

"కుదరదమ్మా. న్యూయార్కులో ఐక్యరాజ్యసమితి మీటింగు. అణుబాంబులు వద్దనే తీర్మానాల మీద ఓట్లు. ఎప్పుడో రిటైరయిన నన్ను పక్క దీవి దేశపోళ్లు సలహాకి రమ్మన్నారు. ఆళ్లకి అక్కడున్నది ఇద్దరే. ఒకడు ఇంకో మీటింగుకి పోతే నాను కూకోవాలి. కుర్చీ ఖాళీ అయిపోతే ఓటు పోయినట్టే."

పక్క బల్ల మీద చెయ్యి పైకెత్తుతున్న యాదగిరి ఆగాడు. "గా దేశంల జనమెంత సార్?"

"మీ ఎల్బీ నగరంత కూడా ఉండరు."

"మరి గంత చిన్న దేశం మాట పెద్దోళ్లెందుకు ఇంటరు?"

నాయుడు గారు ఒక పాత సంగతి ఎత్తుకున్నారు. తన చిన్నప్పుడు వాళ్ల వీధి నుంచి సైన్యంలో చేరిన ఒకాయన్ని బ్రిటిష్‌వాళ్లు బాంబు పరీక్ష జరిగే దీవికి తీసుకెళ్లారట. వీపు తిప్పి కళ్లు మూసుకోమన్నారు. మూసిన కళ్లకు అడ్డం పెట్టుకున్న తన చేతుల ఎముకలు తనకే కనిపించాయని తిరిగొచ్చాక చెప్పేవాడట. "బాంబు ఆళ్లది, సముద్రం మాది. ఎనభై ఐదులో మా దీవులన్నీ కలిసి మా సముద్రంలో బాంబు ఉండకూడదని ఒప్పందం రాసుకున్నాం. రెండు మూడేలమంది ఉన్న దీవి కూడా సంతకం పెట్టింది. అప్పుడు నాను కాయితాలు మోసే చిన్న ఆఫీసర్ని. పెద్దోళ్లు నవ్వారు. కొన్నేళ్లకి ఆళ్లలో కొందరు ఆ ఒప్పందం కిందే సంతకాలు పెట్టారు."

"మన ఇండియా ఏ దిక్కు సార్?" అన్నాడు యాదగిరి.

"మీకూ బాంబుంది కదా బాబూ," అన్నారాయన నెమ్మదిగా. యాదగిరి మళ్లీ చెయ్యి పైకెత్తడం మొదలుపెట్టాడు.

ఆ రోజు నుంచి నేను కాలు వంచుతుంటే ఆయన మంచం పట్టీ పట్టుకుని, సంతకం పెట్టిన దీవుల పేర్లు ఒక్కొక్కటే పలికేవారు. నియూ. తువాలు. సమోవా. కళ్ల వెంట నీళ్లు కారుతున్నా ఆపమనలేదు. పేరు పూర్తయ్యేదాకా నేనూ ఆపేదాన్ని కాదు.

వారం ముగిసే రోజు బంద్ వచ్చింది. ఆటోలు కూడా లేవు. మీర్‌పేట్‌లోని మా ఇంటి నుంచి ఆసుపత్రికి నడుస్తుంటే యాదగిరి మోటారు సైకిలు పక్కన ఆగింది. "ఎక్కుండ్రి మేడమ్. సారు కాలు ఇయ్యాల ఆగొద్దు." దారిలో ఆపినవాళ్లు అతన్ని గుర్తుపట్టారు. "అన్నా, నువ్వే బంద్‌ల బండి తీస్తివా?" "దవాఖానకురా. మన కొట్లాట లెక్కనే ఇంకో కొట్లాట ఉన్నది, తర్వాత చెప్త," అన్నాడు. వదిలేశారు.

ఆ పొద్దున మోకాలు తొంభై దాటింది. నాయుడు గారు కుర్చీలో కూర్చుని, రెండు పాదాలూ నేలకు ఆనించి, చాలాసేపు లేవలేదు. యాదగిరి పట్టేసిన చేత్తోనే ఆయనకు దండం పెట్టాడు.

నవంబరులో ఆయన న్యూయార్కు నుంచి ఫోన్ చేశారు. స్పీకర్ పెట్టాను. భుజం చికిత్సకు ఇంకా వస్తున్న యాదగిరి అడిగాడు, "గెలిచిండ్రా సార్?"

"తీర్మానం నెగ్గింది. బాంబులున్నోళ్లలో చాలామంది ఆ తీర్మానం వద్దని ఓటేశారు. ఒక్క బాంబూ తగ్గలేదు."

"మరెట్ల?"

"వచ్చే ఏడు మళ్లీ పోతాను. ఈసారి రెండో మోకాలు బేగి సేయించుకోవాలి."

పేషెంటుని నొప్పి ఎంత అని అడగడం కాలేజీలో నేర్చుకున్నాను. లేచి నడవగలిగాక ఎక్కడికి వెళ్లాలనుకుంటున్నారని అడగడం మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పుడు ఎవరు వచ్చినా మొదట అదే అడుగుతాను.