ఓనరమ్మ మిరపకాయలు, మా అమ్మ నూనె సీసా

ఈరోజు పొద్దున మా ఓనరమ్మను మంత్రగత్తె అనేశాను. మనసులో అనుకోవడం కాదు, వంటింటి గుమ్మంలో నిలబడి ఆమె ముఖం మీదే అన్నాను. బెంగళూరు కుందలహళ్ళిలో మేము అద్దెకుండే ఇంటికి ఆమె యజమానురాలు. కింద ఆమె, పైన మేము. మా కొడుకూ కోడలూ ఆఫీసు పనుల్లో మునిగి ఉంటే, ఏడాది నిండని నా మనవరాలికి రోజూ రాగి జావ తినిపించేది ఆమే. మేము చెంచా ఎత్తితే మొహం తిప్పుకునే పిల్ల, ఆమె ఒళ్ళో కూర్చుంటే గిన్నె ఖాళీ చేస్తుంది. పళ్ళు వస్తున్నాయో ఏమో, రెండు రోజులుగా ఆమె చేతి జావ కూడా సగమే తింటోంది. నేను పాల పాకెట్ తెచ్చుకుని మెట్లెక్కుతుంటే మిరపకాయల ఘాటు ఎదురొచ్చింది. దగ్గుకుంటూ లోపలికి వెళితే, గ్యాస్ పొయ్యి మీద పాత పెనంలో ఎండుమిరపకాయలూ ఉప్పూ మాడుతున్నాయి. ఓనరమ్మ, పిల్లను ఎత్తుకున్న మా కోడలు, ఇద్దరూ దగ్గుతూనే నవ్వుతున్నారు.

"ఘాటు వచ్చినాది చూడప్పా! దిష్టేమీ లేదు, సుమ్నే, ఊరికే పండ్లు వస్తా ఉండాయి, అంతే," అంది ఓనరమ్మ సంబరంగా. దిష్టి ఉంటే మిరపకాయలు ఎంత మాడినా ఘాటు రాదని ఆమె నమ్మకం.

నేను ఆ సంబరంలో కలిసిపోయి ఉండాల్సింది. కానీ మా చర్చి సంఘంలో నేను పెద్దని. ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె పళ్ళెం పట్టుకుని నిలబడేవాణ్ణి. ఆ పెద్దరికం గొంతులోకి వచ్చేసింది. "ఇది క్రైస్తవుల ఇల్లు. మంత్రగత్తె పనులు ఇక్కడ చేయకండి," అన్నాను.

ఓనరమ్మ నవ్వు ఆగిపోయింది. పొయ్యి ఆపి, కొంగుతో చేతులు తుడుచుకుంది. "సరేప్పా. ఇంక పాపని నేను ముట్టేది లేదు. రేపు పాపకి ఏమన్నా అయితే నా మీదికే వస్తాది కదా," అని మెట్లు దిగిపోయింది.

 కోడలు పిల్లను నా ఒళ్ళో కూర్చోబెట్టి, జావ గిన్నె పక్కన పెట్టింది. "నాకు మీటింగ్ ఉంది మామయ్యా. మీరే తినిపించండి, చూద్దాం," అని లాప్‌టాప్ పట్టుకుని గదిలోకి వెళ్ళిపోయింది. ఆ 'చూద్దాం'లో ఉన్న ఘాటు ముందు మిరపకాయలు ఎందుకూ పనికిరావు. మొదటి చెంచా జావ నా కళ్ళద్దాల మీదికి వచ్చింది. తర్వాతిది చొక్కా మీదికి. ఇంకొకటి నోట్లోకి వెళ్ళిందని నేను సంతోషించేలోపే తిరిగి వచ్చేసింది. పిల్ల తలుపు వైపు చేతులు చాపి "అవ్వ, అవ్వ" అని ఏడుపు అందుకుంది.

కళ్ళద్దాలు తుడుచుకుంటుంటే మా అమ్మ గుర్తొచ్చింది. కర్నూలు జిల్లాలో మా ఊళ్ళో అమ్మకొక నూనె సీసా ఉండేది. దగ్గు మందు అయిపోయిన సీసాలో, పాస్టరు గారు ప్రార్థన చేసి ఇచ్చిన కొబ్బరినూనె. అది సగానికి దిగగానే అంగడి నూనె తెచ్చి అందులో పోసేది. అది ప్రార్థన నూనె ఎలా అవుతుందని నేను అడిగితే, "పాలకి తోడు వేస్తే పెరుగు అయితాది కదా? పాత నూనె కొత్త నూనెకి నేర్పిస్తాదిలే," అనేది. ఆ నూనెతో నా నుదుటి మీద, నాన్న సైకిల్ హ్యాండిల్ మీద, ఇంటి గుమ్మానికి, చివరికి పాలివ్వనని మొండికేసిన బర్రె పొదుగు మీద కూడా సిలువ గుర్తు వేసేది. బర్రె పాలిచ్చింది. లెక్కల పరీక్ష రోజు నా పెన్నుకీ రాసింది. జిడ్డుకి పెన్ను వేళ్ళలో నిలవలేదు. లెక్కల్లో తప్పింది అందుకేనని చాలాకాలం చెప్పుకున్నాను గానీ, అది నిజం కాదు. పీడకలలు రాకుండా బైబిలు నా దిండు కింద పెట్టేది. ఈస్టరుకు ముందు మట్టలాదివారం చర్చిలో ఇచ్చిన ఆకుతో చేసిన సిలువను ఏడాదంతా గుమ్మానికి ఉంచేది. ఇప్పుడు మా ఓనరమ్మ గుమ్మానికి బూడిద గుమ్మడికాయ వేలాడుతోంది. నువ్వెందుకు ఉన్నావని అడిగితే, ఆ కాయా, మా అమ్మ ఆకు సిలువా ఒకే జవాబు చెబుతాయి.

బర్రె పాలిచ్చిన దగ్గర నుంచి అమ్మ పేరు వీధంతా పాకింది. ఏ పిల్లకి జ్వరమొచ్చినా కబురొచ్చేది. ఒకసారి నూనె రాసిన పిల్లవాడికి జ్వరం ఇంకా పెరిగింది. వాళ్ళ అవ్వ మా వాకిట్లో నిలబడి, "ఆ సీసాలో ఏం మందు కలిపినావే? ఏం మంత్రం చదివినావే?" అని కేకలేసింది. అమ్మ లోపలికి వెళ్ళి సీసా తెచ్చి, అందరూ చూస్తుండగా సగానికి పైగా గటగటా తాగేసింది. "మందైతే నేనే పోతా. కూర్చోని చూడండి," అంది. అమ్మ పోలేదు గానీ, మర్నాడంతా చెంబు పట్టుకుని పెరట్లోకి తిరుగుతూనే ఉంది. పిల్లవాడికి జ్వరం తగ్గాక ఆ అవ్వ కూడా వచ్చి నవ్వింది. అయితే ఆ తర్వాత అమ్మ ఎవరింటికి వెళ్ళినా సీసాను కొంగు కింద దాచుకునే వెళ్ళేది. మంత్రాల మనిషి అన్న మాట అంత లోపల తగిలిందని నాకు అప్పట్లో తెలియలేదు. ఈరోజు అదే మాట నేను ఇంకొకరి మీద విసిరాను.

దిష్టి తీయడం, ప్రార్థన ఒకటేనని నేను ఇప్పుడూ అనను. ఓనరమ్మ చెడును కసిరి తరిమేస్తుంది. అమ్మ దేవుణ్ణి అడిగేది. అడిగి, చివర్లో "నీ చిత్తం తండ్రీ" అని, ఇవ్వకపోయినా సరేనన్నట్టు చేతులు దించేది. అది పెద్ద తేడానే. కాకపోతే హూడి దగ్గర ట్రాఫిక్‌లో చిక్కుకున్నప్పుడు నేను చేసే ప్రార్థన వింటే, అది అడగడమని ఎవరూ అనరు, కసరడమే అంటారు. ఇక చేతబడి అంటే ఎదుటివాళ్ళకి కీడు జరగాలని చేసేది. పొద్దున ఆ వంటింట్లో ఎదుటి మనిషిని నొప్పించాలని ఏదైనా చేసినవాణ్ణి నేనొక్కణ్ణే.

మీటింగ్ అయ్యి బయటికొచ్చిన కోడలు నా చొక్కా చూసి నవ్వు ఆపుకుంది. "ఆంటీ తిప్పేటప్పుడు ఏమన్నారో మీరు వినలేదు మామయ్యా. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అంటూ లాస్ట్‌లో 'నా దిష్టి' అన్నారు. మీ దిష్టి ఎందుకు తగులుతుంది ఆంటీ అంటే, 'పాప ముద్దుగా ఉండాదని మొన్న అన్నింది నేనే కదమ్మా, నా కన్నే తగిలిందేమో' అన్నారు," అంది.

ప్రతి ఆదివారం సంఘమంతటి చేతా పాపాల ఒప్పుకోలు చదివించేది నేనే. ఓనరమ్మ గుప్పెడు మిరపకాయలతో తన తప్పును కూడా కలిపి తిప్పింది.

పిల్లను చంకనేసుకుని కిందికి దిగాను. ఓనరమ్మ వరండాలో అనపకాయలు ఒలిచి గింజలు తీస్తోంది. తల ఎత్తకుండానే, "ఏమప్పా, మంత్రగత్తె ఇంటికి వచ్చినావే? భయం లేదా?" అంది.

"తప్పు నాదమ్మా. నోరు జారిందని చెప్పను, నొప్పించాలనే అన్నాను. క్షమించండి," అన్నాను. ఆమె ఒలుస్తూనే ఉంది. నేను మెట్టు మీద కూర్చుని అమ్మ నూనె తాగిన కథ చెప్పాను. చెంబు దగ్గరికి వచ్చేసరికి ఓనరమ్మ ఒళ్ళోని తొక్కలన్నీ కిందపడేలా నవ్వింది. "తాగేసినాదా! మీయమ్మ భలే మనిషప్పా! ఆ నూనె ఇప్పుడు నీ కాడ ఉండాదా? ఉంటే నా మోకాలికి పెట్టు. డాక్టరు ఇచ్చిన ఆయింట్‌మెంటు రాసి రాసి చేయి నొప్పి పుట్టింది గానీ కాలు నొప్పి పోలేదు."

అమ్మ పోయినప్పుడు సీసా అడుగున మిగిలింది నా సీసాలో కలుపుకున్నాను. అప్పటి నుంచి అందులో పోస్తూనే ఉన్నాను. దాన్ని తెచ్చి ఆమె మోకాలి మీద సిలువ గుర్తు వేసి కళ్ళు మూసుకున్నాను. ఎప్పుడూ నేరుగా అడగడంతో మొదలుపెట్టేవాణ్ణి. ఈసారి ముందు నా కన్ను, నా నోరు, నా పెద్దరికం అని తప్పులు చెప్పుకుని, ఆ తర్వాతే ఆమె మోకాలి గురించి అడిగాను.

కళ్ళు తెరిచేసరికి ఓనరమ్మ నన్నే చూస్తోంది. "అయిపోయినాదా? ఘాటే రాలేదే!" అని, పిల్లను నా చేతుల్లోంచి లాక్కుని, "జావ వెచ్చబెట్టి తేపో, సల్లారిపోయింటాది," అంది. నేను గిన్నె కోసం మెట్లెక్కాను. వేళ్ళకి నూనె ఇంకా అంటుకునే ఉంది. అమ్మ చెప్పినట్టు పాత నూనె కొత్త నూనెకి ఇన్నేళ్ళూ నేర్పిస్తూనే వచ్చింది, ఆలస్యమైంది నాకే.